రొమాంటిక్ అంటే బెంగండీ

“అటు కాదు బాబూ, ఇటు వంచు, ఇటు! లోపల తోలు కొత్తది. నీళ్లు తగిలాయంటే మళ్లీ మొదటికొస్తుంది!” అని పంటు మీద నేను అరుస్తూనే ఉన్నాను. గోదావరి మధ్యలో గాలి ఎక్కువై పంటు ఓ పక్కకి ఒరుగుతోంది. సైకిళ్ల మధ్య, మేకల మధ్య మా క్రైస్తవ సంఘం గుడి హార్మోనియం పెట్టె. దాని మీద నా చీర కొంగు, కొంగు మీద నా రెండు చేతులు. ఎలకలు కొట్టేసిన తోలు మార్పించి, శ్రుతి సరిచేయించి రామచంద్రపురం నుంచి తెస్తున్నాను. ఆదివారం సాయంత్రం మా గుళ్లో ఫిడేలు మాస్టారు పోలెండు మావయ్యగారి పెద్ద పాట మొదటి నుంచి చివరిదాకా వాయించబోతున్నారు. ఎన్నో ఏళ్లు వద్దు వద్దన్న సంఘపెద్దగారు ఇన్నాళ్లకి సరేనన్నారు. పక్కన హార్మోనియం తొక్కేది నేనే. ఇక నా గుండె ఎలా కొట్టుకుంటోందో చూడండి!

ముక్తేశ్వరం రేవు దగ్గరపడుతుంటే ఒడ్డు మీద చేపల నాగమ్మ నిలబడి ఉంది. నెత్తి మీద గంప లేదు. నాగమ్మని నెత్తిన గంప లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

“మెల్లిగా దింపించుకో సుగుణమ్మా, తొందరేం లేదు” అంది.

“తొందర లేకపోవడమేంటి నాగమ్మా! మాస్టారు వీధిలోకి వచ్చి చూస్తూ ఉంటారు.”

“సూడట్లేదమ్మా. మాస్టారు ఎల్లిపోయేరు.”

“ఎక్కడికి?” అన్నాను. నిజంగానే అడిగాను. అమలాపురం వెళ్లారేమో, తీగల కోసం వెళ్లారేమో అనుకున్నాను. నాగమ్మ వచ్చి పెట్టెకి అటువైపు చెయ్యి వేసింది. అప్పుడు తెలిసింది నాకు.

పెద్దవాళ్లు ఇలాంటి వ్యాసాల్లో ‘అస్తమించారు’ అని రాస్తారు. మా మాస్టారు అస్తమించలేదండీ. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నారు, కాసేపు ఫిడేలు వాయించుకున్నారు, కమాను వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో పెట్టారు, నడుం వాల్చారు. అంతే. “కమాను సడలించి మరీ పడుకున్నారమ్మా” అని వాళ్లావిడ కాంతమ్మగారు ఎవరొచ్చినా అదే మాట చెప్పారు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఒక్క ఆదివారం మాత్రం వదిలేశారు.

రత్నరాజు మాస్టారంటే ఎవరో మన సంఘంవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాని మన ఈ సంఘ పత్రిక పై ఊళ్లకి కూడా వెళుతుంది. కాబట్టి ఆ ఊళ్లవాళ్లకి చెబుతాను, తెలిసినవాళ్లు మళ్లీ వినండి. మన దగ్గర ఫిడేలంటే కచేరీల్లో కింద కూర్చుని వాయించేదే తెలుసు. మాస్టారిది నిలబడి వాయించే ఫిడేలు. గెడ్డం కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మునివేళ్ల మీద లేస్తూ వాయించేవారు. పొట్టి మనిషి, పంచె మోకాళ్ల కిందకి దిగేది కాదు. కాని ఫిడేలు పట్టుకుంటే మా గుమ్మం తలకి తగిలేటంత పొడుగు కనబడేవారు. ఒట్టు!

వాళ్ల నాన్నగారు మిషను బంగళాలో వంటాయన. ఆ బంగళాలో ఉన్న దొరసానిగారు సాయంత్రాలు ఫిడేలు వాయించుకునేవారట. వినేవాళ్లు లేరు. వంటగది గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు వలిచే ఈయనొక్కరే వినేవారు. ఒకరోజు ఆవిడ వాయిస్తూ మధ్యలో ఆపి టీ తాగడానికి వెళ్లింది. ఈయన వంటగదిలో మిగతా సగం ఈలవేసి ముగించేశారట! ఆవిడ టీ వదిలేసి వచ్చింది. అదీ మొదలు. ఆవిడ దేశం వెళ్లిపోతూ ఫిడేలూ, ఒక ట్రంకుపెట్టె నిండా పాటల కాగితాలూ ఈయనకి ఇచ్చి వెళ్లింది. తర్వాత మాస్టారు మిషను బళ్లో పంతులయ్యారు, పిల్లలకి ఎక్కాలు చెప్పారు, రిటైరయ్యారు. అయినా ఎక్కాల మాస్టారని ఒక్కరు కూడా అనలేదు. ఫిడేలు మాస్టారే.

ఆ ట్రంకుపెట్టెలో పాటలు రాసినవాళ్లంతా చచ్చిపోయి వందేళ్లు దాటిన దొరలు. వాళ్ల పేర్లు నోరు తిరిగేవి కావు. నేను పదో తరగతి తప్పినదాన్ని, నాకు మరీ తిరగవు. అందుకని మాస్టారు వరసలు పెట్టారు. పోలెండు దేశపాయన మావయ్యగారు. బెల్జియం ఆయన బాబాయిగారు. హంగేరీ ఆయన ఎప్పుడూ గబగబా, కొంటెగా, చక్కిలిగింతలు పెట్టినట్టు రాస్తాడు, అందుకని ఆయన బావగారు. “ఈ పూట బావగారొచ్చేరు సుగుణా, జాగర్త. చెయ్యి పట్టుకుని తిప్పేస్తాడు!” అని నవ్వేవారు. కాంతమ్మగారు లోపల్నుంచి, “వచ్చిన చుట్టాలకి కాఫీలు పెట్టమంటారా ఏంటి?” అనేవారు.

“పేరు మోసిన జర్మనీ తాతగార్లున్నారు చూడు, వాళ్లని లోకమంతా వాయిస్తుంది. ఫొటోకి దండేసినట్టు. మా మావయ్యల్నీ, బాబాయిల్నీ ఎవరూ భోజనానికి పిలవట్లేదు సుగుణా” అని మాస్టారికి ఒకటే ఇదిగా ఉండేది. రేడియోలో ఇంగ్లీషు సంగీతం వచ్చే రోజున చెవి దానికే అతికించేసేవారు. మావయ్యగారి పాట వేస్తారని ప్రతిసారీ ఆశే. ప్రతిసారీ తాతగారే వచ్చేవారు. “మళ్లీ తాతగారే! తాతగారు మంచివారే, కాదన్నానా? కాని ఇంట్లో ఇంకా మనుషులున్నారుగా!” అని రేడియోతో తగువేసుకునేవారు. కట్టేసి, ఫిడేలు తీసి, మావయ్యగారిని తనే పిలిచి పీట వేసేవారు.

ఆ పాటలంటే నాకెందుకంత పిచ్చో చెబుతాను. అవి తిన్నగా నడవవండీ. ఒక స్వరం దగ్గర్నుంచి ఇంకో స్వరానికి మెట్టు మీద నుంచి మెట్టు మీదకి దూకవు. జారతాయి. వెళ్లాలా వద్దా అని వెనక్కి చూస్తూ జారతాయి. నాకు అది మొదట్లో పట్టుబడలేదు. మాస్టారు చెప్పిన తీరు వినండి.

“సుగుణా! మీ అమ్మ పిలిస్తే ఏమంటావు?”

“ఆయ్ అంటానండి.”

“అనొకసారి. ఊరికే కాదు, మనసుపెట్టి అను.”

“ఆ…య్.”

“అదీ! కింద మొదలెట్టేవు, పైకెళ్లేవు, కొసన కాస్త వంగేవు. అందులో ‘వస్తున్నానండి’ ఉంది, ‘ఎందుకు పిలిచేరో’ అని ఉంది, కాస్త ముద్దూ ఉంది. మన కోనసీమలో పుట్టినవాడికి ఇది ఒకడు నేర్పాలా? మావయ్యగారి పాటంతా ఈ ఆయ్యేనమ్మా. ఈ కాలంలో వాయించేవాళ్లకి ఇలా జారడం నామోషీ అయిపోయింది. గీత గీసినట్టు వాయిస్తారు. ఆయ్ అనడం రానివాళ్లు ఆ పాట ముట్టుకోకూడదు!”

మా ఊరి బియ్యం మిల్లు సైరను కూడా ఆయన లెక్కలో రొమాంటికే. పొద్దున్నే మిల్లు కూత కింద నుంచి జారుకుంటూ పైకెళ్లి, పైన కాసేపు నిలబడి, మళ్లీ జారుతూ దిగుతుంది కదా. ఆ పైన నిలబడిన కాసేపట్లో ఆయన ఫిడేలు రెండో తీగ దానికి కలిపేసుకునేవారు. మిగతా తీగలు ఆ తీగకి కలిపేవారు. ఊరంతా కూత విని చెంబుచ్చుకుంటే ఈయన ఫిడేలుచ్చుకునేవారు. హార్మోనియం బాగుచేసేవాడికి కూడా మిల్లు శ్రుతే కావాలని చెప్పి పంపించారు. అక్కడికి మిల్లుని ఎలా పట్టుకెళ్లను? నోటితో కూసి చూపించాను. దుకాణం ముందు జనం పోగయ్యారు!

నన్ను ఎంచుకోవడం కూడా తమాషాగానే జరిగింది. నేను ముక్తేశ్వరం సెంటర్లో జాకెట్లు కుడతాను. ఒకసారి కాంతమ్మగారి జాకెట్టు ఇవ్వలేదేమని అడగడానికి మాస్టారు వచ్చారు. వచ్చి అడగరేం! గుమ్మంలో నిలబడి నా కాళ్ల వంక చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

“ఏంటండి మాస్టారూ, అలా చూస్తారు?”

“నీ కాలికి తాళం ఉందమ్మా. మిషను ఎంత నిలకడగా తొక్కుతున్నావో! మా గుడి హార్మోనియం తొక్కేవాళ్లంతా చెరువులో పడ్డవాళ్లలా తన్నుకుంటారు. ఆదివారం రా.”

“నాకు పాటలు రావండి.”

“వేళ్లకి నేను చెబుతాను. కాళ్లకి చెప్పలేక చస్తున్నాను.”

అలా చేరాను. మావయ్యగారి పెద్ద పాటలో నడిమధ్య ఒక చోట హార్మోనియం పూర్తిగా ఆగిపోవాలి. ఫిడేలు ఒక్కటే కింద నుంచి ఆయ్ అని జారుతూ పైకి, ఇంకా పైకి వెళుతుంది. అక్కడ ప్రతిసారీ నేను ఉండబట్టలేక చేతులు వేసేసేదాన్ని. “ఆగు సుగుణా, ఆగు. మావయ్యగారు మెట్లెక్కుతున్నారు. పెద్దాయన. వెనక నుంచి తొయ్యకూడదు” అనేవారు. ఆ ఖాళీలో చేతులు గాలిలో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

పెద్ద వరద వచ్చినప్పుడు ఆ ట్రంకుపెట్టె మునిగిపోయింది. మాస్టారు ఫిడేలు నెత్తిన పెట్టుకుని, కాంతమ్మగారి చెయ్యి పట్టుకుని గట్టెక్కారు. నీళ్లు తీశాక చూస్తే పాటల కాగితాలన్నీ ముద్ద. నేను కూర్చుని ఏడ్చాను. ఆయన నవ్వారు. “పోయింది కాగితమేనే పిచ్చిపిల్లా. వేళ్లు తడవలేదుగా!” అన్నారు. ఆ రోజు నుంచి ఆ పాటలన్నీ ఆయన వేళ్లలోనే ఉన్నాయి. కువైట్ నుంచి మా పిన్ని తెచ్చిన టేపురికార్డరులో పాట పట్టుకుందామని ఒకసారి కూర్చోబెట్టాం. పాట మొదలవ్వడం, మా పిన్ని “మాస్టారూ, టీ తాగుతారా?” అనడం, కరెంటు పోవడం, మూడూ ఒకేసారి జరిగాయి. ఆ టేపులో ఇప్పుడు ఉన్నది టీ ఒక్కటే.

గుళ్లో వాయించడానికి ఏం అడ్డం వచ్చిందంటారా? ఒకే ఒక్క మాట అడ్డం వచ్చింది. నేను ఇంకా హార్మోనియం దగ్గరికి చేరకముందు సంగతి. సంఘం మీటింగులో మాస్టారు లేచి, “అయ్యా, ఓ ఆదివారం సాయంత్రం రొమాంటిక్ సంగీతం వాయిస్తానండి” అన్నారట. సంఘపెద్ద ప్రకాశరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

“ఏ సంగీతం?”

“రొమాంటిక్ అండి.”

“దేవుని మందిరంలోనా! రొమాన్సా! ఈ వయసులో బుద్ధుందా మాస్టారూ? రేపు కుర్రాళ్లు చెట్లచుట్టూ తిరుగుతామంటారు!”

“అది కాలం పేరండీ బాబూ, గుణం పేరు కాదండి. ఆ కాలంలో రాసినవాటిని అలా పిలుస్తారండి.”

“ఏ కాలమైనా రొమాన్సు రొమాన్సే. కూర్చోండి!”

కూర్చున్నారు. ఇక ఏళ్ల తరబడి కూర్చునే ఉన్నారు. కీర్తనలకి వాయించారు, పెళ్లిళ్లకి వాయించారు, పాతిపెట్టేచోట వాయించారు. మావయ్యగారి పాట మాత్రం కాలవగట్టు మీద వాళ్ల అరుగు దాటి గుళ్లోకి వెళ్లలేదు. అంత మొండితనమేంటండీ అని నేను తిట్టబోతే ఆయన ఆపేవారు. “తప్పు నాదే సుగుణా. మాట తప్పుగా ఎంచుకున్నాను. పాటకి ముందు మాట చెప్పకూడదు” అనేవారు.

సరైన మాట దొరికింది కూడా ఆ అరుగు మీదే. అమలాపురం నుంచి ఒక ఫిడేలు విద్వాంసులు మాస్టారి పేరు విని వచ్చారు. గొప్పవారు, పట్టు ఉత్తరీయం, చేతికి కడియం. మాస్టారు మావయ్యగారి పాట వాయిస్తుంటే ఆయన తొడ మీద తాళం వేద్దామని చూశారు, అది జారిపోతోంది. రాగం పట్టుకుందామని చూశారు, అదీ జారిపోతోంది. చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే విన్నారు. అయిపోయాక అడిగారు.

“ఇది ఏ రాగమండీ మాస్టారూ?”

“రాగం కాదండీ, బెంగండీ.”

ఆ విద్వాంసులు లేచి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు. “మా దగ్గర బెంగకి రాగాలున్నాయండి. బెంగనే రాగం చేసినవాణ్ణి ఇవాళ విన్నాను” అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నా ఒళ్లు జల్లుమంది, ఇప్పుడు రాస్తుంటే కూడా జల్లుమంటోంది! పోలెండు మావయ్యగారు సొంత ఊరు వదిలి ఊళ్లు పట్టుకుని తిరుగుతూ ఆ పాట రాశారట. అందులో ఉన్నది అమ్మాయీ అబ్బాయీ కాదండి. ఊరు. రేవు దాటి వెళ్లినవాడి బెంగ.

ఇంకొకటి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి దండగ. ఒక ఊడ్పుల కాలంలో మాస్టారూ నేనూ ముక్తేశ్వరం నుంచి గట్టు మీదుగా వస్తున్నాం. చేలో ఆడవాళ్లు వంగి నాట్లేస్తూ పాడుతున్నారు. మాస్టారు టక్కున ఆగిపోయారు. “సుగుణా! విను!” అని నా చెయ్యి నొక్కేశారు. ఏ పాటనుకున్నారు? మావయ్యగారి పాట! రోజూ సాయంత్రం కాలవ దాటి వినబడీ వినబడీ వాళ్ల నోళ్లకి ఎక్కేసింది. మాటలు వాళ్లే కట్టేసుకున్నారు.

“ఏరు దాటి ఎల్లినోడా, ఎప్పుడొత్తవో… ఆయ్!”

ఎక్కడైతే ఫిడేలు జారుతుందో సరిగ్గా అక్కడ ‘ఆయ్’ పెట్టారు. మాస్టారు నాకు పాఠం చెబుతూ “ఆయ్ అనూ, ఆయ్ అనూ” అని అరవడం విని, అది పాటలో మాటే అనుకున్నారు! మాస్టారు పంచె పైకి కట్టి బురదలోకి దిగిపోయారు.

“అమ్మా, అమ్మా! బాగుంది, చాలా బాగుంది! కాని ఆయ్ అక్కడ దిగకూడదు. ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకెళ్లి దిగాలి!”

వాళ్లలో చేపల నాగమ్మ వదినె ఉంది. నడుం మీద చెయ్యేసుకుని, “ముందు మీరు పైకెల్లండి మాస్టారూ, మా నాట్లు తొక్కేత్తన్నారు!” అంది. చేను చేనంతా నవ్వే. మాస్టారూ నవ్వారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే కాంతమ్మగారితో చెప్పారు. “లోకంలో ఎక్కడా వాయించట్లేదు. మన చేలో పాడుతున్నారు కాంతం!” ఆవిడ ఏమన్నారంటే, “ముందు ఆ బురద కాళ్లు అరుగు కిందే పెట్టండి. నాకు సంగీతం గింగీతం తెలీదు. నాకు వినబడేదల్లా పప్పు పొంగడమే.”

కాని గుళ్లో వాయించడానికి ఒప్పించింది ఆవిడే. మొన్న ప్రకాశరావుగారు వాళ్లింటికి ఏదో పనిమీద వస్తే, మజ్జిగ ఇస్తూ అడిగేశారు.

“అన్నయ్యగారూ, ఆ పాటలో తప్పు మాటలున్నాయంటారా?”

“ఉండే ఉంటాయి గదమ్మా, రొమాన్సంటున్నారు.”

“దానికసలు మాటలే లేవండి. మాటలు లేనిదాన్లో తప్పు మాటలెలా వస్తాయండి?”

పెద్దాయన మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డారు. అప్పుడు అరుగు మీదున్న నేను మధ్యలో దూరాను. “రొమాంటిక్ అంటే మనం అనుకునేది కాదండీ, బెంగండీ. ఊరి మీద బెంగండి” అన్నాను. ప్రకాశరావుగారి పెద్దమ్మాయి గల్ఫులో ఉంది, చాలాకాలమైంది వచ్చి. ఆయన మజ్జిగ తాగేసి గ్లాసు బోర్లించారు. “బెంగకి మందిరంలో చోటుందమ్మా” అన్నారు. “ఆదివారం సాయంత్రం పెట్టుకోండి.”

మాస్టారు ఆ క్షణాన కుర్రాడైపోయారు. ఇక చూడాలి ఆయన హడావుడి! హార్మోనియం పంపించడం, కమానుకి గుగ్గిలం ముక్క దొరకలేదని వెతకడం, ఇస్త్రీ చొక్కా వేసుకుని విప్పడం. “మావయ్యగారిని ఇన్నాళ్లకి గుమ్మం దాటి లోపలికి పిలిచేరండీ!” అని వీధిలో కనబడినవాళ్లందరికీ చెప్పారు. మావయ్యగారు ఎవరి మావయ్యో తెలీక కొందరు భోజనాలెప్పుడని అడిగారు.

మిగతాది మీకు తెలుసు. శుక్రవారం వెళ్లిపోయారు. శనివారం కీర్తనలతో సాగనంపాం. ఎంత జనమండీ! అక్కడే నేను ప్రకాశరావుగారి దగ్గరికి వెళ్లాను.

“అయ్యా, రేపు సాయంత్రం ఉందాండి?”

“ఏముందమ్మా ఇంక? ఫిడేలు లేదుగా.”

“నా భాగం నేను వాయిస్తానండి. ఆయన భాగం ఖాళీగా ఉంచుతానండి.”

“ఖాళీని ఎవరు వింటారే తల్లీ?” అన్నారు. కోపంగా అనలేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ పాట ఒక్కసారి గుళ్లోకి రాకపోతే ఇక ఎప్పటికీ రాదని నాకు తెలుసు. కాగితం లేదు, టేపు లేదు, వేళ్లు మట్టిలోకి వెళ్లిపోయాయి. “పిలిచినాయన్ని గుమ్మంలో నిలబెట్టి తలుపెయ్యకూడదు గదండి” అన్నాను. ఆయన తల ఊపి, “సరే, రా” అన్నారు.

ఆదివారం సాయంత్రం ఆయన నిలబడాల్సిన చోట కుర్చీ వేసి, కుర్చీలో ఫిడేలు పడుకోబెట్టాం. ప్రార్థన అయ్యాక నేను తొక్కడం మొదలెట్టాను. అయ్యో, ఎంత బోసిగా ఉందో! నా భాగమంతా ‘ఊఁ’ కొట్టడమే కదండీ. కథ చెప్పేవాడు లేకుండా ఊఁ కొడుతున్నట్టుంది. వెనక ఎవరో దగ్గారు. ఒక పసిపిల్ల ఏడ్చింది. నా కాళ్లు మాత్రం తప్పలేదు, మిషను తొక్కినట్టే తొక్కుకుపోయాను. ఆ చోటు వచ్చింది. హార్మోనియం ఆగాల్సిన చోటు. చేతులు ఎత్తేశాను.

మావయ్యగారు మెట్లెక్కుతున్నారు, తొందరపెట్టకూడదు అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. ఎక్కేవాళ్లే లేరు కదా, ఎంతసేపు ఆగాలి?

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి, కిందగా, బొంగురుగా వచ్చింది.

“ఆ…”

నాగమ్మ. చేపలమ్మే గొంతు, కాలవకి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వినబడే గొంతు, అంత మెత్తగా జారుతుందని ఎవరనుకుంటారు! పక్కనున్న ఆవిడ వదినె అందుకుంది. వెనక నాట్లేసేవాళ్లు, మగవాళ్ల వైపు పంటు లాగేవాళ్లు, మిల్లులో బస్తాలు మోసేవాళ్లు, అందరూ అందుకున్నారు. కింద నుంచి జారుకుంటూ పైకి, ఇంకాస్త పైకి, మాస్టారు బురదలో నిలబడి చూపించిన చోటికి సరిగ్గా వెళ్లి, అక్కడ నిలబడి, “…య్!” అని దిగారు.

నేను చేతులు వేశాను. ఇక చివరిదాకా నాకు ఫిడేలు లేదనిపించలేదు. గుళ్లో సగం మందికి పాట వచ్చండీ! ఎవరూ నేర్పలేదు. ఎవరూ నేర్చుకుంటున్నామనుకోలేదు. ఏళ్ల తరబడి సాయంత్రం వంట చేసుకుంటూ, గేదెలకి గడ్డి వేస్తూ విన్నారంతే. రేడియోవాళ్లు పిలవని మావయ్యగారిని మా ఊరు ఎప్పుడో ఇంట్లో పెట్టేసుకుంది. ఆ సంగతి ఊరికి కూడా తెలీదు.

అయిపోయాక ప్రకాశరావుగారు హార్మోనియం దగ్గరికి వచ్చారు.

“ఏమ్మా, ఈ పాటకి మాటలు లేవన్నారు?”

“లేవండి.”

“మరి ఊరంతా ఆయ్ అంటున్నారు?”

“అదొక్కటేనండి.”

“మంచి మాటే” అన్నారు. కండువాతో మొహం తుడుచుకుంటూ, తనలో తను మెల్లిగా అనుకున్నారు. “ఆయ్.” కొస వంగింది. నేను విన్నాను.

అలాంటి మనిషి మళ్లీ మా కాలవగట్టు మీద పుట్టరు. పట్నాల్లో పెద్ద పెద్ద వేదికల మీద వాయించేవాళ్లుంటారు, పతకాలుంటాయి, పేర్లుంటాయి. మా మాస్టారికి ఉన్నది ఒక అరుగు, ఒక ఫిడేలు, లోకం మర్చిపోయిన కొందరు చుట్టాలు. ఆ చుట్టాల పరువు కాపాడటానికి జన్మంతా మునివేళ్ల మీద నిలబడ్డారు. బాబాయిగారి పాటలూ, బావగారి కొంటె పాటలూ ఆయనతోనే వెళ్లిపోయాయి. వాటిలో నా ఊఁ ఒక్కటే మిగిలింది. ఆ లోటు ఎవరూ తీర్చలేరు. పుణ్యాత్ముడు. మహానుభావుడు. ఆయన పాదాలకి మొక్కుతున్నాను, బురద పాదాలకే మొక్కుతున్నాను.

సోమవారం పొద్దున్న నేను మాస్టారి ఇంటికి వెళ్లాను. కాంతమ్మగారు వంటింట్లో పొయ్యి దగ్గరున్నారు. అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచి ఫిడేలు తీశాను. నేనెప్పుడూ దాన్ని పట్టుకోలేదు. గెడ్డం కింద పెట్టుకుంటే చల్లగా తగిలింది. మిల్లు కూసింది. కింద నుంచి జారుకుంటూ పైకెళ్లి నిలబడింది. నేను రెండో తీగ మీద కమాను వేశాను. పిల్లిని తొక్కినట్టు అరిచింది. బిరడ కొంచెం తిప్పి మళ్లీ వేశాను. కుదిరిందనే అనుకున్నాను.

వంటింట్లోంచి, పప్పు పొంగడం తప్ప ఇంకేమీ వినబడని కాంతమ్మగారు, “అక్కడ కాదమ్మా. ఇంకాస్త పైకి” అన్నారు.

“ఆయ్” అని ఇంకాస్త తిప్పాను.